పిప్ ఉందంటోంది, పైథాన్ లేదంటోంది: ఐదోసారి ఇన్‌స్టాల్ చేయకముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చిత్తూరు నుంచి వచ్చి తిరుపతి హాస్టల్లో ఉంటూ డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నారు. దామలచెరువు మామిడి మండీ తూకాల లెక్కను ప్రాజెక్టుగా రాస్తున్నారు. విండోస్ ల్యాప్‌టాప్‌లో పాండాస్ (పట్టికల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ) నాలుగుసార్లు ఇన్‌స్టాల్ చేశారు. అయినా కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లో రన్ కొడితే ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్‌డ్ పాండాస్’ అని వస్తోంది. మళ్లీ పిప్ (పైథాన్ లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే ఆదేశం) కొడితే ‘రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్’ అంటోంది. అదే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో కాలేజీ ల్యాబుకు తీసుకెళ్తే అక్కడి ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇంకో రకంగా తిడుతోంది. సొంతంగా రాసుకున్న తూకం ఫైలు ఒకచోట దొరుకుతోంది, ఇంకోచోట దొరకడం లేదు. ఇది చాలనట్టు నిన్నటి నుంచి వెబ్ నుంచి డేటా తెచ్చే రిక్వెస్ట్స్ లైబ్రరీ కూడా పడకేసింది.

ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు. నాలుగింటికీ మందు మాత్రం ‘మళ్లీ ఇన్‌స్టాల్’ కాదు.

ఒక మాట ముందే. ఆదేశాలు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టండి. గీతలు, చుక్కలు, ఖాళీలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

పాండాస్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. రైలు దిగి సామాను విష్ణునివాసం వసతిగృహంలో పెట్టి, సాయంత్రం బస్టాండు ఎదుటి శ్రీనివాసంలో రసీదు చూపించి సామాను అడిగితే ఏమంటారు? ‘మా దగ్గర లేదు’ అంటారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, సామానూ ఎక్కడికీ పోలేదు. మీ ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నది అచ్చంగా అదే. అందులో ఒకటికి మించి పైథాన్‌లు ఉన్నాయి. పైథాన్ వెబ్‌సైట్ నుంచి దించుకున్నది ఒకటి, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చింది ఒకటి, ఎవరో చెబితే వేసుకున్న అనకొండాతో వచ్చింది ఇంకొకటి. ప్రతి పైథాన్‌కూ తనదైన ‘సైట్-ప్యాకేజెస్’ ఫోల్డర్ ఉంటుంది. పిప్ ఒకదాని ఫోల్డర్‌లో పెడుతోంది, వీఎస్ కోడ్ ఇంకోదాన్ని నడుపుతోంది. ‘ఆల్రెడీ శాటిస్‌ఫైడ్’ అనే మాటే ఇక్కడ మీకు దొరికిన ఆధారం. దాన్ని చిరాకుపడి వదిలేయకండి. ఆ వరుస చివర ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా రాసి ఉంటుంది, చదవండి.

ఊహించడం మాని కొలవండి. ఎర్రర్ ఇస్తున్న ఫైలులో అన్నిటికంటే పైన, పాండాస్ ఇంపోర్ట్‌కు ముందే, ఈ మూడు వరుసలు పెట్టండి:

ఇంపోర్ట్ సిస్
ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)
ప్రింట్(సిస్.వెర్షన్)

రోజూ ఏ బటన్‌తో రన్ చేస్తారో అదే బటన్‌తో రన్ చేయండి. మొదటి వరుసలో వచ్చేది ఈ ఫైలును నడిపిన పైథాన్ చిరునామా. ఇప్పుడు మీరు పిప్ కొట్టిన టెర్మినల్లోకి వెళ్లి ఇది కొట్టండి:

పిప్ --వెర్షన్

పిప్ తన వెర్షన్‌తో పాటు తను ఏ ఫోల్డర్‌లో ఉందో, బ్రాకెట్లో ఏ పైథాన్‌కు చెందిందో చెబుతుంది. ఒకచోట 3.11, ఇంకోచోట 3.13 కనిపిస్తే జబ్బు తెలిసిపోయినట్టే. అంకెలు ఒకటే అయినా ఫోల్డర్లు వేరైతే అవి రెండు వేరు పైథాన్‌లే, మోసపోకండి. విండోస్‌లో మొత్తం ఎన్ని ఉన్నాయో చూడాలంటే ‘పీవై -0పీ’ కొట్టండి. ఆ మధ్యలోది సున్నా, ఓ అక్షరం కాదు. ఉన్న పైథాన్‌లూ వాటి చిరునామాలూ వరుసగా వస్తాయి.

ఇక చికిత్స. ఉత్త ‘పిప్ ఇన్‌స్టాల్’ అనే అలవాటు ఈ రోజుతో మానేయండి. ఎప్పుడూ ఇలా కొట్టండి:

పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్

దీని అర్థం ‘ఈ పైథాన్‌కు చెందిన పిప్‌ను నడుపు’ అని. ఏ పైథాన్ పేరుతో మొదలుపెడితే దాని ఇంట్లోనే సామాను దిగుతుంది. ఇంకా అనుమానం ఉంటే ‘పైథాన్’ అనే మాట బదులు పైన సిస్.ఎగ్జిక్యూటబుల్ చూపించిన పూర్తి చిరునామాను కొటేషన్లలో పెట్టండి. టెర్మినల్లో నడుస్తున్నది పవర్‌షెల్ అయితే ఆ కొటేషన్ ముందు & గుర్తు, ఒక ఖాళీ ఉండాలి. ఇలా చేస్తే తప్పు చోట పడే అవకాశమే లేదు.

వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి ‘పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ అని వెతకండి. మీకు కావాల్సిన పైథాన్‌ను అక్కడ ఎంచుకోండి. ఆ తర్వాత పాత టెర్మినల్‌ను మూసి కొత్తది తెరవాలి. పాత టెర్మినల్ పాత దారిలోనే పోతుంది. కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుని ఉంటే ఇంకో మెలిక. అది మామూలుగా ఉత్త ‘పైథాన్’ ఆదేశాన్నే పిలుస్తుంది, మీరు ఎంచుకున్న ఇంటర్‌ప్రెటర్‌ను లెక్కచేయదు. పై మూల త్రికోణం బటన్ ఒక్కటే కనబడుతుంది కానీ దాని వెనక ఉన్నది ఎవరో తెలియదు. నేర్చుకునే రోజుల్లో ఆ ఎక్స్‌టెన్షన్ తీసేయడమే నయం అంటాను. జుపైటర్ నోట్‌బుక్ వాడుతుంటే సెల్‌లోనే ‘%పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అని కొట్టండి. శాతం గుర్తుతో కొడితే ఆ నోట్‌బుక్ వెనక నడుస్తున్న పైథాన్‌లోనే (దాన్నే కెర్నెల్ అంటారు) ఇన్‌స్టాల్ అవుతుంది. తర్వాత కెర్నెల్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి.

పాండాస్‌కు ఇదే సరిపోతుంది కానీ, వచ్చే నెల మళ్లీ ఇదే గొడవ రాకుండా ఉండాలంటే ప్రాజెక్టుకు విడిగా ఒక వెన్వ్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలు మాత్రమే ఉండే విడి పైథాన్ ఫోల్డర్) పెట్టుకోండి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి:

పైథాన్ -ఎం వెన్వ్ .వెన్వ్
.వెన్వ్\స్క్రిప్ట్స్\యాక్టివేట్

వరుస మొదట్లో బ్రాకెట్లో .వెన్వ్ అని కనబడితే లోపలికి వెళ్లినట్టు. పవర్‌షెల్‌లో రెండో వరుస దగ్గర ‘రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిజేబుల్డ్’ అని ఎర్ర అక్షరాలు వస్తే కంగారు పడొద్దు, అది పైథాన్ తప్పు కాదు, విండోస్ కాపలా. ‘సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ -స్కోప్ కరెంట్‌యూజర్ రిమోట్‌సైన్డ్’ అని ఒక్కసారి కొడితే మీ ఖాతా వరకు తలుపు తెరుచుకుంటుంది. అది ఇష్టం లేకపోతే మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టండి, అక్కడ ఈ అడ్డు ఉండదు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ సంగతి. వెన్వ్ ఫోల్డర్‌ను కాపీ చేసి ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్లకూడదు. దాని లోపల మీ ల్యాప్‌టాప్ పైథాన్ పూర్తి చిరునామా రాసి ఉంటుంది, ల్యాబ్ కంప్యూటర్లో ఆ చిరునామా ఉండదు. పైగా విండోస్‌కు కట్టిన పాండాస్ ఉబుంటులో పనిచేయదు. మీ ల్యాప్‌టాప్‌లోనే ఫోల్డర్ పేరు మార్చినా, వేరే డ్రైవ్‌కు జరిపినా వెన్వ్ మొరాయిస్తుంది. తీసుకెళ్లాల్సింది మీ కోడూ, ఒక జాబితా మాత్రమే:

పైథాన్ -ఎం పిప్ ఫ్రీజ్ > రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ

ల్యాబులో కొత్త వెన్వ్ చేసుకుని, లోపలికి వెళ్లి ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ’ కొట్టండి. ఉబుంటులో లోపలికి వెళ్లే ఆదేశం ‘సోర్స్ .వెన్వ్/బిన్/యాక్టివేట్’. వెన్వ్ చేయడానికి అక్కడ ‘పైథాన్’ బదులు ‘పైథాన్3’ అనాలి.

ల్యాబ్ ఉబుంటు మిమ్మల్ని తిట్టిన తిట్టు బహుశా ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అయ్యుంటుంది. ఉబుంటు 23.04 నుంచి, డెబియన్ 12 నుంచి ఇది మామూలే. ఆ పైథాన్ మీది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ది. దాని సొంత పనులు కొన్ని ఆ పైథాన్ మీదే నడుస్తాయి, మీ పిప్ వచ్చి అందులో వెర్షన్లు మార్చేస్తే అవి చెడతాయి. అందుకే గేటు దగ్గరే ఆపేస్తోంది. ‘--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’ అని తగిలించమని ఎవరైనా సలహా ఇస్తే, పేరులోనే ‘విరగ్గొట్టు’ అని ఉంది కదా, వినకండి. ల్యాబ్ కంప్యూటర్ మీద అసలే వద్దు. వెన్వ్ చేసుకుంటే ఈ ఎర్రరే రాదు. వెన్వ్ తయారుకావడం లేదంటే ‘పైథాన్3-వెన్వ్’ ప్యాకేజీ లేనట్టు. దాన్ని ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఏపీటీతో వేయాలి, సూడో (అడ్మిన్) హక్కు కావాలి కాబట్టి ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగండి. కిటికీలు, బటన్లు గీసే టికింటర్ లేదని వస్తే అదీ అంతే: ఉబుంటులో అది పిప్‌తో రాదు, ‘సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ పైథాన్3-టీకే’.

హాస్టల్ నెట్ నెమ్మదై మధ్యలో ‘రీడ్ టైమ్డ్ ఔట్’ వస్తుంటే పిప్ ఆదేశం చివర ‘--టైమౌట్ 100’ తగిలించండి. మామూలుగా పిప్ 15 సెకన్లే ఓపిక పడుతుంది.

ఇక రిక్వెస్ట్స్. మీరు పెట్టిన ఎర్రర్ చివరి వరుస ‘క్యానాట్ ఇంపోర్ట్ నేమ్ టైమ్‌జీఎం ఫ్రమ్ క్యాలెండర్’. మీ ఫోల్డర్ ఫోటోలో ‘క్యాలెండర్.పీవై’ అని ఒక ఫైలు కనబడుతోంది. మండీ సెలవులూ బ్రహ్మోత్సవాల తేదీలూ అందులో రాసుకున్నట్టున్నారు. దొంగ అదే. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

జరిగిందేమిటంటే, రిక్వెస్ట్స్ నడవాలంటే పైథాన్‌తో వచ్చే కుకీజార్ అనే మాడ్యూల్ కావాలి. ఆ కుకీజార్‌కు పైథాన్‌తోనే వచ్చే క్యాలెండర్ మాడ్యూల్ నుంచి టైమ్‌జీఎం అనే ఫంక్షన్ కావాలి. ‘క్యాలెండర్’ అని పిలవగానే పైథాన్ ముందు మీ ఫోల్డర్‌లో చూస్తుంది, అక్కడ అదే పేరుతో మీ ఫైలు పలికింది. అసలు క్యాలెండర్ దాకా పోనేలేదు. మీ ఫైలులో బ్రహ్మోత్సవాలు ఉన్నాయి గానీ టైమ్‌జీఎం లేదు. మీరు రిక్వెస్ట్స్‌ను ముట్టుకోలేదు, అయినా అది పడింది. అందుకే ఈ రకం ఎర్రర్‌లో ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్‌తో పాటు వచ్చే వరుసల జాబితా) చివరి వరుస ఒక్కటే చదివితే లాభం లేదు. మొత్తం చదివి, అందులో ఎక్కడైనా మీ సొంత ఫోల్డర్ చిరునామా అనుకోని చోట కనిపిస్తోందా చూడాలి.

ఫైలు పేరును ‘ఉత్సవాలు.పీవై’ లాంటిదిగా మార్చండి, అంతే. మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. పాత పేరుతో ‘__పైక్యాష్__’ ఫోల్డర్‌లో మిగిలిన ఫైలును చెరిపేయాలని చాలాచోట్ల రాస్తారు. పైథాన్ 3లో అసలు ఫైలు లేకపోతే ఆ ఫోల్డర్‌లోని కాపీని అది పట్టించుకోదు, చెరిపినా చెరపకపోయినా ఒకటే. ఇలాగే తరచూ కొంప ముంచే పేర్లు: ర్యాండమ్, మ్యాథ్, టర్టిల్, ఈమెయిల్, కోడ్, టోకెన్, టెస్ట్. పాండాస్ నేర్చుకుంటూ ఫైలుకు ‘పాండాస్.పీవై’ అని పేరు పెట్టడమైతే దాదాపు అందరూ ఒకసారి చేసే తప్పే. పైథాన్ 3.13 నుంచి ‘ఈ ఫైలు పేరు మార్చు’ అని ఎర్రర్‌లోనే చెప్పడం మొదలుపెట్టారు. పాత వెర్షన్‌లో మీరే కనిపెట్టాలి:

ఇంపోర్ట్ క్యాలెండర్
ప్రింట్(క్యాలెండర్.__ఫైల్__)

వచ్చే చిరునామా మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ది అయితే పేరు కలిసిపోయినట్టు. (పోతే, పైథాన్ క్యాలెండర్‌కు అధికమాసం తెలియదు, రెండు బ్రహ్మోత్సవాలు వచ్చే ఏడాదిని అది చెప్పలేదు. ఆ తేదీలు మీరు చేత్తో రాసుకోవాల్సిందే.)

‘ముందు మీ ఫోల్డర్‌లో చూస్తుంది’ అన్నాను కదా, మీ తూకం ఫైలు గొడవ అంతా ఆ మాటలోనే ఉంది. పైథాన్ వెతికే చోట్ల జాబితా సిస్.పాత్‌లో ఉంటుంది. మొదట మీరు నడిపిన ఫైలు ఉన్న ఫోల్డర్, తర్వాత పైథాన్‌పాత్ అని మీరేమైనా పెట్టి ఉంటే అది, ఆపైన పైథాన్ సొంత లైబ్రరీ, చివర సైట్-ప్యాకేజెస్. టెర్మినల్ ఏ ఫోల్డర్‌లో తెరిచి ఉందన్నది ఇంపోర్ట్‌కు లెక్క కాదు, నడిపిన ఫైలు ఎక్కడుందన్నదే లెక్క. సీఎస్‌వీ ఫైలు తెరిచేటప్పుడు మాత్రం దీనికి తిరగబడి ఉంటుంది, అక్కడ టెర్మినల్ ఉన్న ఫోల్డరే లెక్క. ఈ రెండూ కలిపి అర్థం చేసుకోబోయే చాలామంది తికమకపడతారు.

మీ ప్రాజెక్ట్ ఇలా ఉంది: ‘మండీ’ ఫోల్డర్‌లో మెయిన్.పీవై, దాని పక్కన ‘లెక్కలు’ అనే ఫోల్డర్, అందులో తూకం.పీవై, ధర.పీవై. తూకంలో మొదటి వరుస ‘ఫ్రమ్ లెక్కలు.ధర ఇంపోర్ట్ క్వింటా_ధర’. మెయిన్‌ను నడిపితే వెతుకులాట ‘మండీ’ నుంచి మొదలవుతుంది, అక్కడ ‘లెక్కలు’ ఉంది, దొరికింది. తూకంను తెరిచి నేరుగా రన్ కొడితే వెతుకులాట ‘లెక్కలు’ లోపలి నుంచి మొదలవుతుంది. ‘లెక్కలు’ లోపల ఇంకో ‘లెక్కలు’ లేదు కదా. అందుకే ‘నో మాడ్యూల్ నేమ్‌డ్ లెక్కలు’. తూకంను విడిగా పరీక్షించాలంటే టెర్మినల్‌ను ‘మండీ’ ఫోల్డర్‌లో ఉంచి:

పైథాన్ -ఎం లెక్కలు.తూకం

మధ్యలో చుక్క, స్లాష్ కాదు. చివర .పీవై ఉండకూడదు. -ఎం తో నడిపితే మొదటి చోటుగా టెర్మినల్ ఉన్న ఫోల్డర్‌ను తీసుకుంటుంది, అందుకే పనిచేస్తుంది. చుక్కతో మొదలయ్యే ఇంపోర్ట్‌లకు వచ్చే ‘అటెంప్టెడ్ రిలేటివ్ ఇంపోర్ట్ విత్ నో నోన్ పేరెంట్ ప్యాకేజ్’ ఎర్రర్‌కూ విరుగుడు ఇదే ఆదేశం. ‘లెక్కలు’ ఫోల్డర్‌లో ఖాళీ ‘__ఇనిట్__.పీవై’ ఒకటి పెట్టండి. 3.3 నుంచి అది లేకపోయినా చాలాసార్లు నడుస్తుంది, కానీ ఉంటే అది ప్యాకేజీ అని అందరికీ స్పష్టంగా ఉంటుంది.

ఫైలు పైభాగంలో ‘సిస్.పాత్.అపెండ్’ అని మీ ల్యాప్‌టాప్ చిరునామా రాసేయమని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ రోజుకు పని జరుగుతుంది. పెన్‌డ్రైవ్ ల్యాబుకు వెళ్లిన రోజు మళ్లీ మొదటికొస్తుంది.

సొంత ఫైళ్లలో ఇంకా మూడు చిన్న ఉచ్చులు. ఫైలు పేరులో ఖాళీ గానీ అడ్డగీత గానీ ఉంటే ఇంపోర్ట్ వరుసలో ఆ పేరు రాయలేరు, కింది గీత వాడండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ‘తూకం.పీవై.టీఎక్స్‌టీ’ అయిపోవచ్చు. విండోస్ చివరి ముక్కను దాచేస్తుంది కాబట్టి కనబడదు, ఎక్స్‌ప్లోరర్‌లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెట్టుకోండి. మూడోది, తూకం ధరను పిలిచి, ధర మళ్లీ తూకంను పిలిస్తే ‘పార్షియల్లీ ఇనీషియలైజ్డ్ మాడ్యూల్’ అని వస్తుంది. రెండింటికీ కావాల్సిన ఫంక్షన్‌ను మూడో ఫైలులోకి తీసి పెట్టండి.

మీ ప్రాజెక్ట్ ముందుకు పోయేకొద్దీ పేర్ల తేడా ఒకటి ఎదురవుతుంది. పిప్‌కు చెప్పే పేరూ ఇంపోర్ట్ చేసే పేరూ ఒకటే కానక్కర్లేదు. కాయ ఫోటోలకు ఇంపోర్ట్ చేసేది సీవీ2, ఇన్‌స్టాల్ చేయాల్సింది ఓపెన్‌సీవీ-పైథాన్. పీఐఎల్‌కు పిల్లో, బీఎస్4కు బ్యూటిఫుల్‌సూప్4, ఎస్‌కేలెర్న్‌కు సైకిట్-లెర్న్, యామల్‌కు పైయామల్, డాట్ఎన్వ్‌కు పైథాన్-డాట్ఎన్వ్. పెద్దక్షరం చిన్నక్షరం తేడాను పిప్ క్షమిస్తుంది, ఇంపోర్ట్ క్షమించదు. ఎర్రర్‌లో కనబడిన పేరును గుడ్డిగా పిప్‌కు ఇవ్వకండి. ప్రసిద్ధ ప్యాకేజీల పేరును ఒక అక్షరం మార్చి దొంగ కోడ్ పెట్టినవాళ్లు గతంలో ఉన్నారు. ముందు ఆ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో ఇన్‌స్టాల్ వరుస చూసి కొట్టండి.

పాత ల్యాబ్ రికార్డుల్లోంచి, పాత వీడియోల్లోంచి దించిన కోడ్ అయితే మాడ్యూలే పైథాన్‌లోంచి తీసేసి ఉండొచ్చు. డిస్ట్‌యుటిల్స్, ఇంప్ రెండూ 3.12లో పోయాయి. ‘ఫ్రమ్ కలెక్షన్స్ ఇంపోర్ట్ మ్యాపింగ్’ 3.10 నుంచి పనిచేయదు, ‘కలెక్షన్స్.ఏబీసీ’ అని మార్చాలి. ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్’ అంటే మీ పైథాన్‌కు సరిపోయే ప్యాకేజీ ఆ లైబ్రరీవాళ్లు ఇంకా ఇవ్వలేదని, లేదా పేరు తప్పు కొట్టారని. టెన్సర్‌ఫ్లో లాంటివి కొత్త పైథాన్ వచ్చిన వెంటనే సిద్ధంగా ఉండవు, 32 బిట్ పైథాన్‌లో అసలే రావు. సిస్.వెర్షన్ చివర 32 అని ఉందో 64 అని ఉందో చూడండి. ‘డీఎల్‌ఎల్ లోడ్ ఫెయిల్డ్’ వస్తే ప్యాకేజీ దొరికింది గానీ దానికి కావాల్సిన విండోస్ ఫైలు లేదని. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

మీ వరకు ఈ వరుసలో చేయండి: ముందు క్యాలెండర్ ఫైలు పేరు మార్చండి, తర్వాత వెన్వ్ చేసి వీఎస్ కోడ్‌లో దాన్ని ఎంచుకోండి, అందులో పాండాస్, రిక్వెస్ట్స్ వేయండి, చివర మండీ ఫోల్డర్ నుంచి -ఎం తో నడపండి. అప్పటికీ కదలకపోతే నాలుగు ముక్కలు పెట్టండి: ట్రేస్‌బ్యాక్ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా, సిస్.ఎగ్జిక్యూటబుల్ చూపించింది, ‘పైథాన్ -ఎం పిప్ లిస్ట్’ ఇచ్చిన జాబితా, మీరు రన్ చేయడానికి కొట్టిన ఆదేశం. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫోటో కాకుండా, అక్షరాలు కాపీ చేసి పెట్టండి.